కాగితం మీద ఉన్నదే కథ

సినిమా, టీవీ రచన గురించి ప్రశ్నలు పంపమని అడిగినప్పుడు ఈసారి ఎక్కువ ఉత్తరాలు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచే వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు రాసిన చోట వాటిలో ఒకదాన్నే ప్రచురిస్తున్నాము. టీవీ ధారావాహికలకు చాలాకాలం మాటలు రాసి, ఇప్పుడు తిరుపతిలో స్థిరపడిన రచయిత ఈ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: నా దగ్గర మంచి సినిమా కథ ఉంది. దర్శకులకు వినిపించాలని ఉన్నా, విన్నవాళ్లు దాన్ని తమ కథగా చేసుకుంటారేమోనని భయం. ముందుగా నాలుగు వాక్యాల్లో రాసి రిజిస్టరు చేయించుకుంటే సరిపోతుందా?
— డిగ్రీ విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: నాలుగు వాక్యాలను రిజిస్టరు చేయించుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు గాని, దానివల్ల మీకు ఒరిగేది చాలా తక్కువ. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ఆలోచన జోలికి పోదు, ఆ ఆలోచనను మీరు రాసిన తీరుకే రక్షణ ఇస్తుంది. ‘తిరుమలకు కాలినడకన బయలుదేరిన ఇద్దరు అపరిచితులు కొండ ఎక్కేలోపల ఒకరినొకరు ఇష్టపడతారు’ అన్నది ఆలోచన. రేపు మరొకరికీ అదే తట్టవచ్చు, వారిని ఎవరూ ఆపలేరు. ఆ ఇద్దరూ అలిపిరిలో ఏ పరిస్థితిలో కలిశారు, గాలిగోపురం దగ్గర ఎవరు ఎవరితో అబద్ధమాడారు, మోకాళ్ల మెట్ల దగ్గర ఆ అబద్ధం ఎలా బయటపడింది, బయటపడ్డాక కూడా ఆ అమ్మాయి వెనక్కి తిరగకుండా ఎందుకు నడిచింది అని వరుస కట్టి, ఒక్కొక్క సన్నివేశంలో ఎవరేం చేశారో రాస్తే అది మీ రచన అవుతుంది.

ఈ విషయంలో న్యాయస్థానాలు నేటికీ ఉదహరించే తీర్పు 1978లో సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత ప్రాంతీయ దురభిమానం మీద ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాసి ప్రదర్శించారు. ఆ తరువాత 1956లో వచ్చిన ‘న్యూ ఢిల్లీ’ అనే హిందీ సినిమా తన నాటకానికి నకలని ఆయన దావా వేశారు. విషయం ఒకటే అయినా సినిమా దాన్ని నడిపించిన పద్ధతి వేరని, కథలో వేరే అంశాలు కూడా చేరాయని కోర్టు తేల్చింది. రెండింటినీ చూసినవారికి ఇది దాని నకలే అని స్పష్టంగా అనిపించాలన్నది కోర్టు పెట్టిన కొలబద్ద. ఆనంద్ ఓడిపోయారు.

అయితే దారులన్నీ మూసుకుపోలేదు. ఒక నిర్మాణ సంస్థ విపులంగా రాసుకుని, రచయితల సంఘంలో నమోదు చేయించి, నమ్మకంతో చెప్పిన ధారావాహిక ప్రతిపాదనను పెద్ద టీవీ సంస్థ ఒకటి వాడుకోబోయినప్పుడు 2003లో బొంబాయి హైకోర్టు దాన్ని అడ్డుకుంది. నమ్మి చెప్పిన విషయాన్ని చెప్పినవారి అనుమతి లేకుండా వాడుకోకూడదన్న సూత్రం అక్కడ పనిచేసింది. ఆ ప్రతిపాదన వివరంగా కాగితం మీద ఉండబట్టే అది నిలబడిందని గమనించండి.

కాబట్టి కథను పదిహేను, ఇరవై పేజీల ట్రీట్‌మెంట్‌గా, అంటే సన్నివేశాల వరుసలో వివరమైన కథగా, మొదలు నుంచి ముగింపు దాకా రాయండి. నిజానికి రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీదవుతుంది, అందుకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాని వివాదం వస్తే రిజిస్ట్రేషను ప్రాథమిక సాక్ష్యంగా పనికివస్తుంది. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. దరఖాస్తుకు డైరీ నంబరు ఇచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి, ఆ తరువాతే పరిశీలన మొదలుపెడతారు. సభ్యత్వం ఉంటే రచయితల సంఘంలోనూ నమోదు చేయించుకోవచ్చు. తనకు తానే రిజిస్టర్డ్ పోస్టు పంపుకుని కవరు విప్పకుండా దాచే అలవాటు మన ప్రాంతంలో ఇంకా ఉంది. అది తేదీకి కొంత ఆసరా కావచ్చునేమో గాని, పై రెండింటికీ బదులు కాదు. కథ వినిపించి వచ్చిన రోజే, ‘ఈ రోజు మీకు ఫలానా కథ వినిపించాను, ప్రతిని దీనితో పంపుతున్నాను’ అని మర్యాదగా ఒక ఈమెయిలు పంపండి. దీనికి ఖర్చేమీ లేదు, కాని చాలామంది మొహమాటపడి మానేస్తారు.

ఇంకొక మాట, నొచ్చుకోకండి. కొత్తవారి కథను దొంగిలించేవారికన్నా అసలు వినే తీరికే లేనివారు ఈ రంగంలో చాలా ఎక్కువ. ఆ భయంతో కథను పెట్టెలో దాచుకుంటే అది ఎవరికీ చేరదు.

ప్రశ్న: నా కథలు పత్రికల్లో అచ్చయ్యాయి. వాటిలో ఒకదాన్ని సినిమాకు తగినట్టు రాయమని ఒక మిత్రుడు అడిగాడు. కథకూ స్క్రీన్‌ప్లేకూ అసలు తేడా ఏమిటి? రాసే పద్ధతి ఎలా ఉంటుంది?
— ప్రభుత్వ ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: పద్ధతి ఒక పూటలో నేర్చుకోవచ్చు, ముందు అది చెప్పేస్తాను. ప్రతి సన్నివేశానికి ఒక నంబరు, అది ఇంటి లోపలా బయటా, పగలా రాత్రా, ఏ స్థలం అన్నది శీర్షికలో ఉంటాయి. దాని కింద కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ వర్తమాన కాలంలో రాస్తారు. పాత్ర పేరు, దాని కింద మాట. మన దగ్గర పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు చర్య, కుడివైపు సంభాషణ రాసే పాత పద్ధతి కూడా ఉంది. అంతర్జాతీయ పద్ధతిలో రాసిన ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం వస్తుందని స్థూలమైన లెక్క. ముందు కథను ఒక్కొక్క వాక్యంలో సన్నివేశాల వరుసగా రాసుకుంటారు, దీన్నే సీన్ ఆర్డర్ అంటారు. అది కుదిరాక మాటలతో పూర్తి ప్రతి తయారైతే బౌండ్ స్క్రిప్టు. తెలుగు యూనికోడ్‌లో మామూలు డాక్యుమెంటులో టైపు చేసినా చాలు. సాఫ్ట్‌వేరు లేదని ఎవరూ మీ స్క్రిప్టును తిప్పి పంపరు.

తేడా అసలు మరొక చోట ఉంది. ‘ఆ రోజు నుంచి రామయ్యకు కొడుకు మీద నమ్మకం పోయింది’ అని కథలో ఒక వాక్యం రాసి మీరు ముందుకు వెళ్లగలరు. కెమెరాకు నమ్మకం కనబడదు, అది పోవడమూ కనబడదు. అయితే ఏం చేస్తాం? మీరు చిత్తూరులో ఉన్నారు కాబట్టి జూన్ నెలలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బయటి రోడ్డు మీదికి వెళదాం. తోతాపురి కాయల లోడుతో ట్రాక్టర్లు వరుసలో నిలబడి ఉన్నాయి. రామయ్య ట్రాక్టరు కింద నీడలో కూర్చున్నాడు, కొడుకు సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. తూకం అయ్యాక గుమాస్తా కిటికీలోంచి చీటీ అందిస్తాడు. కొడుకు అలవాటుగా చెయ్యి చాస్తాడు. రామయ్య ఆ చెయ్యి పక్కనుంచే తన చెయ్యి పోనిచ్చి చీటీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో దోపుకుంటాడు. కొడుకు చాచిన చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండి, తరువాత ట్రాక్టరు టైరును తడుముతుంది. ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. గత ఏడాది ఇదే చీటీని కొడుకే తీసుకుని డబ్బు మార్చుకున్నాడన్న సంగతి రెండు సన్నివేశాల ముందే ప్రేక్షకుడికి తెలిసి ఉంటే, ఈ సన్నివేశానికి మాట అక్కరలేదు. ఆ తెలిసి ఉండటాన్ని ముందుగా ఎక్కడ అమర్చాలో నిర్ణయించడమే స్క్రీన్‌ప్లే.

కథారచయితలు తెర కోసం రాసేటప్పుడు మొదట చేసే పని, పోగొట్టుకున్న వాక్యాల స్థానంలో పాత్రల చేత ఉపన్యాసాలు చెప్పించడం. ‘నాన్నా, నీకు నా మీద నమ్మకం పోయిందా?’ అని కొడుకు అడిగాడంటే పైన అనుకున్నదంతా వృథా. మీ కథ తీసుకుని, అందులో ‘అనిపించింది’, ‘గుర్తుకొచ్చింది’, ‘అర్థమైంది’ అని ముగిసే వాక్యాలన్నీ గీత గీయండి. ఆ ప్రతి వాక్యానికీ ఒక పని గాని, ఒక వస్తువు గాని, మరొకరి ముఖం గాని వెతకండి. కొన్నింటికి ఏదీ దొరకదు. దొరకకపోతే ఆ భాగాన్ని వదిలేయడమే మేలు, కథలో ఎంత అందంగా ఉన్నా సరే. ఒక్కొక్కసారి కథ మొత్తం అలాంటి వాక్యాలతోనే నిలబడి ఉంటుంది. అలాంటి కథను కథగానే ఉండనివ్వమని మీ మిత్రుడికి చెప్పండి.

ప్రశ్న: మేము ఇంటిల్లిపాదీ సీరియళ్లు చూస్తాము. ఒక పెళ్లి మూడు వారాలు జరుగుతుంది, ఒక ఉత్తరం చదవడానికి రెండు రోజులు పడుతుంది. ఇలా సాగదీయడానికి రాసేవారికి విసుగు పుట్టదా?
— గృహిణి, పుత్తూరు

జవాబు: పుడుతుందమ్మా. కాని విసుగు పడే తీరిక ఉండదు.

వారానికి ఐదారు రోజులు ప్రసారమయ్యే ధారావాహికలో అరగంట సమయమంటే పూర్తి అరగంట కథ కాదు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ లెక్కన అరగంటలో ఆరు నిమిషాలు ప్రకటనలకు పోతే, శీర్షిక, నిన్నటి కథ, రేపటి తునకలు తీసేశాక ఇరవై నిమిషాల చిల్లర మిగులుతుంది. ఆ ఇరవై నిమిషాలను ఏడాదికి మూడు వందల సార్లకు దగ్గరగా నింపాలి. ఒక రెండున్నర గంటల సినిమాకు రచయితల బృందం ఏడాది కూర్చుంటుంది. ధారావాహిక రచయిత అంత నిడివిని పది రోజుల లోపల ఇవ్వాలి, ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

పని కూడా ఒక్కరిది కాదు. మూలకథ ఒకరిది, వారం వారం సన్నివేశాల వరుస వేసేది ఇంకొకరు, మాటలు రాసేది మరొకరు. ఛానల్ తరఫున ఒక అధికారి ప్రతి వారం కథను చూసి మార్పులు చెబుతారు. గురువారం నాడు టీఆర్‌పీ అంకెలు వస్తాయి. అత్తగారి పాత్ర ఉన్న భాగానికి అంకె పెరిగితే, వచ్చే వారం రాసి ఉంచినది పక్కకు పోయి అత్తగారు మళ్లీ వస్తుంది. కథానాయిక మరో భాషలో ధారావాహికకు వెళ్లి నాలుగు రోజులు రాకపోతే, ఆ నాలుగు రోజులూ ఆమె గుడికి వెళ్లినట్టో, గదిలో తలుపు వేసుకున్నట్టో రాయాలి. ముందుగా చిత్రించి ఉంచిన భాగాల నిల్వను బ్యాంక్ అంటారు. ఆ బ్యాంక్ తరిగినప్పుడు మాటల కాగితాలు వాట్సాప్‌లో రాత్రి వెళతాయి, ఉదయం చిత్రీకరణ జరుగుతుంది. నటీనటుల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, పక్కనుంచి ఒకరు మాట అందిస్తూ ఉంటే వారు పలుకుతారు, తరువాత డబ్బింగు కళాకారులు గొంతు ఇస్తారు. ప్రాంప్టింగులో పొడుగు వాక్యం తెగిపోతుంది. అందుకే అక్కడ వాక్యాలు అంత పొట్టిగా ఉంటాయి, ప్రతి మాటకూ ఐదు ముఖాలు చూపించే వెసులుబాటు కూడా అందులోంచే పుట్టింది. ఉత్తరం చదవడానికి రెండు రోజులు పట్టడం వెనుక ఇంత ఉంది.

అలాగని రాసేవారి తప్పే లేదనను. మీ పుత్తూరు వైపు ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెట్టినప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం పద్దెనిమిది రోజులు నడుస్తాయి. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడనీ, చివరి రోజు దుర్యోధనుడు పడతాడనీ ఊరందరికీ తెలుసు, అయినా చాప వేసుకుని కూర్చుంటారు. రేపు ఏం జరుగుతుందో తెలిసిన కథను కూడా ఈ రోజు ఎలా చెబుతారా అని వింటారు. అక్కడ కథకు ముగింపు తేదీ ఉంది కాబట్టి ప్రతి రోజుకూ ఒక పని ఉంది. మన ధారావాహికకు ముగింపు తేదీ లేదు, అంకె బాగున్నంత కాలం నడవాలి. ముగింపు ఎక్కడో తెలియని రచయిత ఏ సంఘటననూ ఖర్చు పెట్టడానికి సాహసించడు, దాచుకుంటూ పోతాడు. నా దృష్టిలో సాగదీతకు అసలు కారణం ఇదే. ఛానళ్లు నూరు, నూట యాభై భాగాలకు ముగించే కథలను ధైర్యంగా తీసుకుంటే ఇప్పుడున్న రచయితలే ఇంతకంటే చాలా బాగా రాయగలరు.

ప్రశ్న: ఒక దర్శకుడి దగ్గర చాలాకాలంగా ఘోస్ట్ రైటర్‌గా, అంటే పేరు లేకుండా రాసిపెట్టేవాడిగా, పనిచేస్తున్నాను. ఒక చిత్రానికి సగానికి పైగా సన్నివేశాలు నావే. టైటిల్ కార్డులో పేరు లేదు, ‘తరువాతి సినిమాకు చూద్దాం’ అంటున్నారు. ఖర్చులకు అప్పుడప్పుడు కొంత ఇస్తారు. ఒప్పందం ఏదీ రాసుకోలేదు. నేనేం చేయగలను?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: ఒప్పందం రాసుకోకపోవడం మీకు నష్టమని మీరు అనుకుంటున్నారు. చట్టం దృష్టిలో అది వారికి కూడా నష్టమే, ఈ సంగతి చాలామందికి తెలియదు. కాపీరైట్‌ను మరొకరికి బదిలీ చేయాలంటే అది రాతలో ఉండాలి, హక్కుదారు సంతకం ఉండాలి. నోటిమాటతో హక్కు బదిలీ కాదు. నెల జీతం మీద ఉద్యోగిగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు యజమానికి పోతుంది. మీరు జీతగాడు కారు, సంతకమూ పెట్టలేదు. కాబట్టి మీరు రాసిన సన్నివేశాల మీద మీకు వాదించుకోదగిన హక్కు మిగిలి ఉంది, అవి మీరే రాశారని చూపగలిగితే. మీరు పంపిన ఈమెయిళ్లు, వాట్సాప్‌లో వెళ్లిన ఫైళ్లు, తేదీలున్న చిత్తుప్రతులు అన్నీ ఒక చోట భద్రపరచండి. ఫోను మార్చేటప్పుడు ఇవే ముందుగా పోతాయి.

పేరు విషయానికి వస్తే, కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ రచయితకు ఒక ప్రత్యేక హక్కు ఇస్తోంది. హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా ‘ఈ రచన నాది’ అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. ఇక డబ్బు. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు, సినిమాలో చేరిన సాహిత్య, సంగీత రచనలను థియేటరులో ప్రదర్శించడం మినహా మరే రూపంలో వాడుకున్నా వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకోవడానికి వీలు లేదని చేర్చారు. వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. ఆ సవరణ కోసం, అప్పట్లో రాజ్యసభ సభ్యుడిగా ఉన్న హిందీ సినీ రచయిత జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. ఆచరణలో దాని ఫలం పాటల రచయితలకూ స్వరకర్తలకూ అందినంతగా కథ, మాటల రచయితలకు అందలేదు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. పూర్తయిన చిత్రం గురించి తగవు పెట్టుకోవాలంటే ముందు హైదరాబాద్‌లోని తెలుగు సినీ రచయితల సంఘం పెద్దలకు కాగితాలు చూపండి, కాపీరైట్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదిని కలవండి. పరిశ్రమలో చాలా వివాదాలు కోర్టు మెట్లెక్కక ముందే అక్కడ కూర్చుని తేల్చుకునేవే. తగవు వద్దు, పని కావాలి అనుకుంటే, తరువాతి చిత్రానికి కలం పట్టకముందే రెండు పేజీల ఒప్పందం అడగండి. అందులో మీ పేరు టైటిల్స్‌లో ఏ హోదాతో, ఏ వరుసలో పడుతుందో స్పష్టంగా ఉండాలి. పారితోషికం విడతలుగా ఉండాలి: అడ్వాన్సు కొంత, సీన్ ఆర్డర్ ఇచ్చినప్పుడు కొంత, మాటలతో పూర్తి ప్రతి ఇచ్చినప్పుడు కొంత, చిత్రీకరణ మొదలయ్యే రోజుకు మిగతాది. ఆఖరి విడతను విడుదలతో ముడిపెట్టనివ్వకండి, విడుదల మీ చేతిలో లేదు. ఎన్నిసార్లు తిరగరాయాలో, అంతకు మించితే ఏమిస్తారో రాయించుకోండి. హక్కుల బదిలీ ఎంత కాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితంగా భావిస్తుంది. ఈ కారణం చేతనే నిర్మాతల ఒప్పందాల్లో ‘శాశ్వతంగా, విశ్వమంతటా’ అన్న మాటలు కనబడతాయి. వాటిని చూసి నవ్వుకోకుండా, అంత ఇచ్చేస్తున్నప్పుడు అంతకు తగిన మొత్తం అడగండి.

ఘోస్ట్‌గా రాయడం నీచమైన పనేమీ కాదు. పెద్ద రచయిత పక్కన కూర్చుని, ఒక సన్నివేశం ఎందుకు చచ్చిపోయిందో, ఎక్కడ కోస్తే బతుకుతుందో చూసే అవకాశం మరే బడిలోనూ దొరకదు. డబ్బు సక్రమంగా ఇస్తూ, ఫలానా సినిమా దాకా అని గడువు చెప్పినంత వరకు అది శిక్షణ. మీ ఉత్తరాన్ని బట్టి మీకు గడువూ లేదు, డబ్బూ లేదు.

ప్రశ్న: మా యాసలో రాసిన స్క్రిప్టు పంపితే, ‘సీమ యాస రౌడీ పాత్రలకు బాగుంటుంది, హీరోయిన్‌కు మామూలు భాష పెట్టు’ అన్నారు. మా యాస ప్రేమకు పనికిరాదా?
— యువ రచయిత, పలమనేరు

జవాబు: ఆ మాట అన్నవారికి పలమనేరులో పెళ్లి సంబంధాలు ఏ భాషలో కుదురుతాయో తెలియదు, అంతే. తెరమీద సీమ అంటే కక్షలు, తొడ చరచడాలు అన్న అచ్చు దశాబ్దాల తరబడి నడిచింది. పైగా కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు అన్నీ ఒకే మాటతీరు అన్నట్టు రాశారు. 2021లో వచ్చిన ‘పుష్ప’ చిత్తూరు వైపు యాసను ప్రధాన పాత్ర నోట పూర్తి నిడివి పలికించింది, ఆ పాత్రకు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. దానితో యాస అడ్డంకి అన్న వాదన పోయింది గాని, అది నేరస్తుడి నోటికే అతుకుతుందన్న అపోహ ఇంకొంచెం బలపడింది. దాన్ని మీలాంటివారే తీర్చాలి.

అయితే రాసే పద్ధతిలో జాగ్రత్త అవసరం. మాటల చివర ‘అబ్బా’, ‘నాయినా’ తగిలిస్తే యాస అయిపోదు. ‘వస్తున్నాను’ అన్నదాన్ని ‘వస్తా ఉండా’ అన్నప్పుడు, ‘ఉంది’ అన్నదాన్ని ‘ఉండాది’ అన్నప్పుడు వాక్యం నడక మారుతుంది, ఆ నడకకు తగ్గట్టు ముందరి మాటలు కూడా జరగాలి. ‘నువ్వంటే నాకు చాలా ఇష్టం, ఆ విషయం నీకు ఎప్పుడో చెప్పాలనుకున్నాను’ అన్న వాక్యానికి క్రియలు మాత్రం మార్చి చూడండి, నాటకంలా ఉంటుంది. మీ ఊరి అమ్మాయి అంత పొడుగు మాట అనదు. ‘ఇన్ని దినాలుగా ఈడికే ఎందుకొస్తా ఉండానో నీకు తెలీదా? గమ్మునుండావే’ అంటుంది. ఇష్టమన్న మాట అందులో లేదు, ఆమె ఇష్టం మాత్రం ఉంది.

మీ పలమనేరు, కుప్పం మాటల్లో కన్నడం, సత్యవేడు, నగరి మాటల్లో తమిళం ఒదిగి ఉంటాయి, తిరుపతి పట్నంలో అన్నీ కలుస్తాయి. పాత్ర ఏ ఊరిదో ముందు తేల్చుకుని, ఆ ఊరి బస్సులో కూర్చుని వినండి. అవ్వ మాట్లాడినట్టు మనవరాలు మాట్లాడదు. బ్యాంకులో మేనేజరుతో మాట్లాడేటప్పుడు మనవరాలు మాట మార్చుకుంటుంది, ఇంటికొచ్చి చెప్పు విడిచేటప్పటికి మళ్లీ పాత మాటే వస్తుంది. ఈ మార్పు రాస్తే హీరోయిన్‌కు ఏ భాష పెట్టాలన్న తగాదా ఉండదు, ఆమెకు రెండూ ఉంటాయి. నటులకు పంపే ప్రతిలో మాత్రం కాగుణితాన్ని మరీ వింతగా మార్చకండి. చదవలేని మాటను పలకలేరు. యాస పలికే విధానాన్ని ఫోనులో మీ గొంతుతో రికార్డు చేసి స్క్రిప్టుతో పాటు ఇవ్వండి.

ప్రశ్న: కృత్రిమ మేధతో స్క్రిప్టు రాయించి పంపితే తప్పా? ఇక రచయితలతో పనుంటుందా?
— పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఈ ప్రశ్న మీద అమెరికా రచయితల సంఘం 2023లో మే 2 నుంచి సెప్టెంబరు 27 దాకా 148 రోజులు పనిమాని కూర్చుంది. వారి సమ్మెకు పారితోషికాలు, ఓటీటీ వాటాలు, రచయితల బృందాల పరిమాణం కూడా కారణాలే. ఏఐ విషయంలో సాధించిన ఒప్పందం క్లుప్తంగా ఇది: యంత్రం రాసినదాన్ని రచనగా లెక్కించరు, ఏఐ వాడమని రచయితను బలవంతపెట్టకూడదు, నిర్మాత తానిచ్చే కాగితాల్లో యంత్రం రాసినది ఉంటే ముందుగా చెప్పాలి. సంస్థ ఒప్పుకుంటే రచయిత వాడుకోవచ్చు. మన దగ్గర అలాంటి సమష్టి ఒప్పందం లేదు కాబట్టి మీ ఒప్పందంలో మీరే రాయించుకోవాలి. యంత్రం రాసినదాన్ని మీరే రాసినట్టు పంపడం తప్పే. అదీ కాక, రేపు కథాచర్చ సిట్టింగులో ‘ఈ పాత్ర ఇక్కడ ఎందుకు అబద్ధం చెప్పింది?’ అని దర్శకుడు అడిగినప్పుడు మీ దగ్గర సమాధానం ఉండదు.

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. పెళ్లయింది, పాప ఉంది. రచయిత కావాలంటే ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లవలసిందేనా?
— పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇప్పుడే వెళ్లకండి. చూపడానికి ఒక పూర్తి స్క్రిప్టు, వివరమైన ట్రీట్‌మెంట్లు రెండు చేతిలో లేకుండా హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో గది తీసుకుంటే, అద్దె కోసం దొరికిన పనల్లా ఒప్పుకోవలసి వస్తుంది, సొంత రాత ఆగిపోతుంది. ఆ మూడూ ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే రాయవచ్చు. తిరుపతికి ఉన్న సౌకర్యాన్ని మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ గాని పద్మావతి ఎక్స్‌ప్రెస్ గాని సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాద్ చేరతారు, కథ వినిపించి మరుసటి ఉదయానికి ఇంట్లో ఉండవచ్చు. చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణం. ఒకప్పుడు తెలుగు సినిమా అంతా అక్కడే ఉండేది. ఇప్పటికీ డబ్బింగు మాటల పనికి, రెండు భాషల్లో తీసే చిత్రాలకు అక్కడివారికి తెలుగు రచయిత కావాలి. తమిళం వినడం, మాట్లాడటం వచ్చిన తిరుపతివారికి ఇది మంచి అవకాశం, కొత్తవారు దీన్ని ఎందుకో పట్టించుకోరు.

ఊళ్లో చేయదగిన పనులు కూడా ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం భక్తి ఛానల్ ఇక్కడి నుంచే నడుస్తోంది. అక్కడి కార్యక్రమాలకు వ్యాఖ్యానం రాయడంలో శబ్దానికీ బొమ్మకూ పొత్తు కుదర్చడం అలవాటవుతుంది. ఆకాశవాణికి నాటిక రాయండి, బొమ్మ లేకుండా కథ నడపవలసి వస్తే మాటల్లో ఎంత పొల్లు ఉందో తెలుస్తుంది. విశ్వవిద్యాలయాల పిల్లలు షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు, వారికి కథ లేక కాదు, కథను పది పేజీల్లో పెట్టేవారు లేక ఇబ్బంది పడుతున్నారు. మీరు రాసినది నటుల నోట విని, ఎక్కడ జనం ఫోను చూసుకున్నారో గమనించడానికి అంతకంటే చవకైన మార్గం లేదు. జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ 2007 నుంచి స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ నిర్వహిస్తోంది, దాని ప్రకటనలు కనిపెట్టి ఉండి దరఖాస్తు పెట్టండి.

మానేయవలసిన సమయం ఎప్పుడొస్తుందంటే, చేతిలో సంతకమైన ఒప్పందం ఉండి, దాని అడ్వాన్సు బ్యాంకులో పడి, అది కాక ఇంటి ఖర్చుకు ఒక ఏడాదికి సరిపడా నిల్వ ఉన్నప్పుడు. ఈ వృత్తిలో డబ్బు నెల నెలా రాదు. ధారావాహికకు మాటలు రాస్తే ఎపిసోడ్ లెక్కన ఇస్తారు, అది కూడా ప్రసారమైన తరువాత కొన్ని నెలలకు రావచ్చు. సినిమా అయితే ఒక విడతకూ మరో విడతకూ మధ్య ఏడాది గడిచినా ఆశ్చర్యం లేదు. వచ్చే మొత్తంలోంచి 10 శాతం టీడీఎస్ కోస్తారు. ఆ ఏడాది మీరు కట్టవలసిన పన్ను అంతకంటే తక్కువైతే రిటర్ను దాఖలు చేసి మిగతాది వెనక్కి తెచ్చుకోవచ్చు, కాబట్టి పాన్ నంబరు ఇవ్వడం మరవకండి, నగదుగా ఇస్తామంటే ఒప్పుకోకండి. పారితోషికం ఖాతాలో పడటం మీ పనికి సాక్ష్యం కూడా అవుతుంది. ఇవన్నీ మీ శ్రీమతితో కూర్చుని లెక్క వేయండి. మీరు రాసుకునే గంటల్లో పాపను చూసుకునేది ఆవిడే కాబట్టి, ఆ గంటలు ఏవో కూడా ఇద్దరూ కలిసే నిర్ణయించుకోండి.